పళ్ళ గదికి ఇనుప పట్టాలు

గత డిసెంబరులో మా వీధిలోకి ఒక వింత బండి వచ్చి ఆగింది. చిన్న లారీ, దాని వెనుక తొట్టిలో ఒక గది, గదికి కిటికీ, కిటికీకి తెర, లోపల రెండు పరుపులు, ఒక పొయ్యి. బెంగుళూరు నుంచి కొండమీదికి విహారానికి పోతున్న కొత్త దంపతులది. గదిని తొట్టికి పట్టి ఉంచే నాలుగు బిగింపులలో ఒకదాని కొక్కెం విరిగిందనీ, బాగుచేసేవారు దగ్గరలో ఎవరైనా ఉన్నారా అనీ ఆ అబ్బాయి నన్ను అడిగాడు. "ఉన్నాడు, పుంగనూరులో" అన్నాను. అన్న వెంటనే నాలుక కరచుకున్నాను. నేను చెప్పబోయిన మనిషి పోయి చాలా ఏళ్ళయింది.

ఎన్నేళ్ళయిందో సరిగ్గా చెప్పలేను. జరిగిన ప్రతి సంగతికీ తేదీ వేసుకునే అలవాటున్న నా దగ్గర ఆ మనిషి పుట్టిన తేదీ లేదు, పోయిన తేదీ లేదు. మొదటిది ఆయనకే తెలియదు. రెండవది చెప్పడానికి ఆయన లేడు. కనుక ఆయన జీవిత చరిత్ర రాయడం నా వల్ల కాదు. 1979 ఆగస్టు నుంచి 1980 మే వరకు నా డైరీలలో ఆయన కనిపించిన పుటలు ముప్పై నాలుగు ఉన్నాయి. ఆ పుటలకు బయట ఆయన ఏమిటో నాకు తెలియదు, తెలిసినట్టు రాయను.

అప్పుడు నేను మదనపల్లెలో ఒక ధర్మాసుపత్రిలో రికార్డు గుమాస్తాను. పల్లెల్లో పంటి నొప్పులతో బాధపడేవారి కోసం ఆసుపత్రివారు ఒక చెక్క గది చేయించారు. పొడవు పది అడుగులు, వెడల్పు ఆరు, ఎత్తు ఆరున్నర. లోపల పళ్ళు పీకే కుర్చీ ఒకటి, నీళ్ళ డ్రమ్ము ఒకటి, పనిముట్ల బల్ల ఒకటి. గది ఉంది గానీ దాన్ని మోసే లారీ ఆసుపత్రికి లేదు. ఊళ్ళో బెల్లం వ్యాపారం చేసే సావుకారు ఒకాయన, తన లారీని డ్రైవరుతో సహా సోమవారం నుంచి గురువారం వరకు ఉచితంగా ఇస్తానని ఒప్పుకున్నాడు. శుక్ర, శని, ఆదివారాలు ఆ లారీ బెల్లం తోలేది. అందుచేత ప్రతి సోమవారం తెల్లవారుతూనే ఎనిమిది మంది కూలీలు వెదురు బొంగుల మీద గదిని ఎత్తి లారీమీద పెట్టేవారు. గురువారం సాయంత్రం దించేవారు. మధ్యలో అది కదలకుండా నాలుగు మూలలా నాలుగు గొలుసులు, నాలుగు కొక్కేలు, నాలుగు బిగింపు మరలు ఉండేవి. గది బరువెంతని వడ్రంగిని అడిగితే "ఎనిమిది మంది" అన్నాడు. అంతకుమించి కచ్చితమైన లెక్క దొరకలేదు.

సోమవారం కలకడ, మంగళవారం పుంగనూరు, బుధవారం పెద్దపంజాణి, గురువారం కుప్పం. వెంట నేనుండేవాణ్ణి. ఏ ఊరు, ఎంతమంది, ఎన్ని పళ్ళు, పైవా కిందివా, కుడివా ఎడమవా, అన్నీ రిజిస్టరులో రాయడం నా పని. పళ్ళు పీకే డాక్టరమ్మ మిషను బడిలో చదివి పైకొచ్చిన మనిషి. పీకే ముందు సన్నగా ఒక కీర్తన కూనిరాగం తీసేది. రాగం ఆగిందంటే పన్ను వచ్చిందని అర్థం. డ్రైవరు గంగులప్పకు ఆ రాగం వినిపిస్తే చాలు, లారీ దిగి దూరంగా పోయి నిలబడేవాడు.

1979 ఆగస్టులో ఒక బుధవారం పెద్దపంజాణిలో లారీని కొంచెం ఏటవాలుగా నిలిపాము. కుర్చీలో ఒక పెద్ద రైతు. కింది వరుస, కుడి వైపు, చివరి దవడ పన్ను. డాక్టరమ్మ రాగం మొదలుపెట్టింది. రైతు రెండు కాళ్ళూ ఎదుటి గోడకు తన్నిపెట్టాడు. రాగం పతాకస్థాయికి పోయింది. ఫట్‌మని ఒక చప్పుడు. ఎడమ వెనుక మూల కొక్కెం విరిగి, గొలుసు ఎగిరి, గది మొత్తం వెనక్కి జారింది. తర్వాత టేపుతో కొలిచాను: తొమ్మిది అంగుళాలు.

రైతు చేతిలో పన్నుతో బయటికి వచ్చి, జారిన గదిని ఒకసారి, పన్నును ఒకసారి చూసుకున్నాడు.

"ఏమప్పా, పన్ను పీకమంటే ఇల్లే పీకిందే మీ డాక్టరమ్మ!" అన్నాడు.

తన పన్ను వేరు అంత గట్టిదనీ, పన్ను కంటే ముందు ఇల్లే ఊడి వచ్చిందనీ ఆయన అప్పటికప్పుడు అక్కడున్నవారందరికీ చెప్పాడు. మరుసటి బుధవారం మా గది దగ్గరికి యాభై ముగ్గురు వచ్చారు. వారిలో పంటి నొప్పి ఉన్నవారు పదిహేడు మంది.

కానీ ఆ వారం ముందు గదిని నిలబెట్టుకోవాలి. గంగులప్ప మోకుతో గదిని లారీకి చుట్టి, మనిషి నడిచే వేగంతో పుంగనూరుకు తోలాడు. "ఈడ ఒక ఆచారి ఉండాడప్పా. బండి సక్రాలకు పట్టాలు తొడగతాడు. ఆయప్ప తప్ప ఇంకెవురూ దీన్ని పట్టలేరు" అన్నాడు. ఊరంతా ఆయన్ను ఆచారి అనే పిలిచేది. అది ఆయన పేరు కాదు. పేరు నేను అడిగాను. "ఆ పేరుతో ఎవురన్నా పిలిస్తే నేను పలకనప్పా, అలవాటు లేదు. ఇంక దాన్ని రాసుకొని ఏం సేస్తావు?" అన్నాడు.

పొట్టి మనిషి. కుడి ముంజేయి లావు, ఎడమ ముంజేయి సన్నం. ఇద్దరు మనుషుల చేతులను ఒకరికి అతికించినట్టుండేది. గంగులప్ప విరిగిన కొక్కేన్ని చేతికిస్తే ఆయన దానివైపు చూడకుండానే వీపు వెనక్కి విసిరేశాడు.

"సూడవా ఆచారీ?" అన్నాడు గంగులప్ప.

"విరిగిందాన్ని సూస్తే ఏం తెలుస్తాది? అది నిజం సెప్పేసి పాయ. విరగనివి మూడు ఉండాయే, అబద్ధం సెప్పేటివి, వాట్ని సూడల్ల."

మిగిలిన మూడు కొక్కేలనూ గోటితో మీటి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. మూడింటినీ విప్పి పడేశాడు. ఆ తర్వాత గది ఎక్కి, పళ్ళు పీకే కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, లారీని ఊరి చివరిదాకా తోలుకుని రమ్మన్నాడు. గంగులప్ప తోలాడు. తిరిగి వచ్చాక ఆచారి దిగి, "ఇది లారీ మింద కూసోలే. నిలబడి ఉండాది" అన్నాడు. అంటే ఏమిటని అడిగాను. అదే మాట ఇంకొంచెం గట్టిగా చెప్పాడు.

గది అడుగున పొడవునా రెండు దూలాలు, లారీ తొట్టి అడుగున పొడవునా రెండు దూలాలు ఉన్నాయి. గది దూలాల కొసలు లారీ దూలాల కొసల మీద సరిగ్గా కూర్చుంటాయి. ఆ నాలుగు కొసల దగ్గర, పై దూలాన్నీ కింది దూలాన్నీ కలిపి, బండి చక్రానికి తొడిగినట్టు ఒక్కొక్క ఇనుప పట్టా తొడుగుతానన్నాడు. గొలుసులతో పని లేదన్నాడు. కొలతకు నేను నా టేపు అందించాను. ఆయన దాన్ని పట్టుకుని చాలాసేపు చూసి, ఇలా అన్నాడు:

"ఈ టేపు అందరికీ ఒకటే కదప్పా?"

"అవును. అదే దాని గుణం."

"అట్లాంటప్పుడు దీని కొలత దానికెట్ల తెలుస్తాది?"

అని టేపును మళ్ళీ నా చేతికే ఇచ్చేశాడు.

ఆయన కొలత వేరు. పిడి ఉన్న చిన్న ఇనుప బిళ్ళ ఒకటి. దాని అంచున ఒక సుద్దగీత. ఆ బిళ్ళను దూలాల చుట్టూ దొర్లించేవాడు. గీత ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒక చింతగింజను బుగ్గలో వేసుకునేవాడు. బుగ్గలో గింజలుండగా మాట్లాడేవాడు కాదు, లెక్క చెదురుతుందట. ఎన్ని చుట్లు వచ్చాయని అడిగితే నోరు తెరిచి చూపించాడు. నేను లెక్కపెట్టాను. అయిదు. నా టేపు ప్రకారం ముప్పై ఆరున్నర అంగుళాలు. నేను ఆ అంకె చెప్పినప్పుడు ఆయన గింజలు ఉమ్మేసి, "దాంట్లో ఒక వేలు తగ్గించల్ల" అన్నాడు.

"ఎందుకు?"

"పట్టాకు ఆకలి ఉండల్ల. కడుపు నిండిన పట్టా దేన్ని పట్టుకుంటాది?"

గురువారం పొద్దున పిడకలు, కొబ్బరి చిప్పలు పేర్చి మంట వేశారు. పట్టాలు కాలి ఎర్రబడి, ఆయన చెప్పిన ఆ ఒక్క వేలూ సాగిన తర్వాత, ఇద్దరు పట్టకార్లతో ఎత్తి దూలాల కొసలకు తొడిగారు. ఆయన పక్కనే సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, బిందెతో నీళ్ళు గుమ్మరించాడు. ఆవిరి లేచింది. ఇనుము బిగుస్తూ ఉంటే లోపల కొయ్య కుయ్యోమంది. డాక్టరమ్మ చేతిరుమాలు మూతికి పెట్టుకుని, "నొప్పి పుడుతున్నట్టుంది పాపం" అన్నది. నాలుగో పట్టా చల్లబడిన తర్వాత గంగులప్ప గదికి భుజం ఆనించి బలంకొద్దీ నెట్టాడు. లారీ ఊగింది. గది కదలలేదు. నేను ముందే సుద్దతో గీత గీసి పెట్టుకున్నాను, తేడా సున్న.

అప్పుడు అడిగాడు గంగులప్ప:

"సరే ఆచారీ. దీన్ని ఇప్పేదెట్ల?"

"ఏంది ఇప్పేది?"

"సాయంత్రానికి గదిని దించల్ల కదా. రేపు సావుకారుకు బెల్లం తోలల్ల."

ఆచారి ఆయన్ను తేరిపార చూశాడు. "నువ్వు ఇంటికి పోతానే నీ బండి సక్రం పట్టా ఇప్పి గూట్లో పెడతావా?"

"అది సక్రం గదప్పా!"

"ఇప్పేదానికైతే తాడు సాలు కదరా. నా తావికి యాల వస్తివి?"

గది వారానికొకసారి దిగవలసినదన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. డాక్టరమ్మ నేను చెప్పాననుకుంది, నేను గంగులప్ప చెప్పాడనుకున్నాను, గంగులప్ప అది లోకమంతటికీ తెలిసిన విషయమనుకున్నాడు. ఆనాటి డైరీలో ఇలా ఉంది: "చెప్పవలసినవారు ముగ్గురు. చెప్పినవారు సున్న."

డాక్టరమ్మ మెల్లగా, "పోనీ, కోసేసి మళ్ళీ వేరేవి చేయకూడదా?" అని అడిగింది. ఆయన చేతిలో సుత్తి కింద పెట్టాడు.

"అమ్మా, తొడిగిన పట్టాను కోసేది ఎప్పుడో తెలుసునా? తొడిగినోనికి పని రానప్పుడు. నా పట్టాను ఇంతవరకూ ఎవురూ కోయలే. అందరూ రబ్బరు సక్రాల బండ్లు కొంటాండారు. ఇవి నేను ఆర్నెల్లకు తొడిగిన మొదటి పట్టాలు. వీట్ని కోసినారంటే పుంగనూరు ఆచారికి పని పోలే, పనితనమే పోయిందంటారు." సుత్తిని మళ్ళీ అందుకుని, "కొయ్య ఎండితే పట్టా దానంతటదే వదులుతాది. ఎండాకాలం రానీండి. నేనే వచ్చి సేత్తో తీసిస్తా" అన్నాడు.

అది ఆగస్టు. ఆయన కొలిమి పక్కన గోడకు ఏడు చక్రాలు ఆనించి ఉన్నాయి. వాటిలో అయిదింటిని వాటి యజమానులు మళ్ళీ తీసుకుపోవడానికి రాలేదని గంగులప్ప దారిలో చెప్పాడు.

బయలుదేరేటప్పుడు ఆచారి ఇంకొక మాట చెప్పాడు. ఎండాకాలం వచ్చేలోగా, రోడ్డు గాలికి కొయ్య ఆరి దారిలోనే పట్టా వదిలే ప్రమాదముంది గనుక, ప్రతి రోజూ నాలుగు మూలలా దూలాలకు నీళ్ళు పోయాలట. ఎన్ని నీళ్ళని అడిగాను. "అది తాగినన్ని" అన్నాడు. అది అంకె కాదు గనుక నేను గంగులప్పతో కలిసి ప్రయత్నించి చూసి, మూలకు నాలుగు బిందెలు, మొత్తం రోజుకు పదహారు అని నిర్ణయించాను. రిజిస్టరులో "నీళ్ళు" అని ఒక గడి గీశాను.

ఆ సాయంత్రం సావుకారు ఆసుపత్రి ఆవరణకు వచ్చి తన లారీని చూశాడు.

"ఇదేందప్పా, నా లారీకి ఇల్లు మొలిచిందే!"

కూలీలు ఎనిమిది మందీ బొంగులు దూర్చి ఎత్తారు. గదితో పాటు లారీ కూడా పైకి లేవడానికి ప్రయత్నించింది. రెండు బొంగులు విరిగాయి. ఇనుము కోసే రంపం తెప్పించారు. బ్లేళ్ళు ఆరు విరిగాయి. పట్టామీద గోటిగీత లాంటిది ఒకటి పడింది. వేరే దారి లేక సావుకారు తన బెల్లం అచ్చులను ఆ గదిలోనే ఎక్కించాడు. డ్రమ్ము చుట్టూ, బల్ల కింద, చివరికి కుర్చీలో కూడా నాలుగు అచ్చులు. ఆ శనివారం కుప్పం సంతలో లారీ ఆగీ ఆగగానే బుగ్గలు వాచినవారు ఇద్దరు ఎక్కి బెల్లం మీద కూర్చున్నారట. "డాక్టరమ్మ గురువారం వస్తాది, దిగండప్పా" అని గంగులప్ప ఎంత చెప్పినా వినలేదు. "గురువారం దాకా పన్ను ఆగల్ల కదా. నీ తావ కటింగ్ ప్లేరు ఉండాది కదా, కానీ" అన్నారట. లారీలో పనిముట్లేవీ లేవని ఒట్టు పెడితే గానీ దిగలేదట.

సోమవారం వచ్చేసరికి గదినిండా చీమలు. డాక్టరమ్మ పనిముట్ల పళ్ళెంలోకి ఒక వరుస, కుర్చీ వీపు మీదుగా ఒక వరుస. పన్ను పీకించుకుంటున్నవారు ఎక్కువగా అరిచింది చీమలకే. మూడు వారాలు ఓర్చుకుని సావుకారు ఆసుపత్రి సూపరింటెండెంటు దగ్గరికి వచ్చాడు. "నా లారీని నాకు ఒట్టిగా ఇస్తారా, లేక లారీనే మానుకుంటారా?" అన్నాడు. లారీ మానుకుంటే నాలుగు ఊళ్ళకు పళ్ళ డాక్టరు లేనట్టే. సూపరింటెండెంటు ఒప్పుకున్నాడు. కొయ్య అంటుకోకుండా తడి గోనెసంచులు చుట్టి, గ్యాసుమంటతో పట్టాలు కోసే మనిషిని వచ్చే సోమవారం పిలిపించాలని నిర్ణయమైంది.

ఈ కబురు పుంగనూరుకు గంగులప్పే మోసుకుపోయి ఉంటాడు. సోమవారం పొద్దున గ్యాసు మనిషి సిలిండరు దించుతుండగా, మొదటి బస్సు దిగి ఆచారి వచ్చాడు. చేతిలో సుత్తి లేదు, భుజాన ఒక తువ్వాలు. ఎవరినీ పలకరించకుండా గది ఎక్కి, పళ్ళు పీకే కుర్చీలో కూర్చున్నాడు.

"దిగు ఆచారీ, మంట తగులుతాది" అన్నాడు గ్యాసు మనిషి.

"తగలనీ. నాకు మంటలు కొత్తనా?"

సూపరింటెండెంటు చెప్పి చూశాడు. సావుకారు అరిచి చూశాడు. ఆయన కుర్చీ రెండు చేతులూ గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. ఒక గంటా పది నిమిషాల తర్వాత డాక్టరమ్మ తెల్లకోటు తొడుక్కుని గదిలోకి ఎక్కింది.

"ఈ కుర్చీలో ఊరికే కూర్చోవడానికి వీల్లేదు. కూర్చున్నవాళ్ళు నోరు తెరవాలి" అన్నది.

ఆచారి ఆలోచించి, న్యాయమేననిపించి, నోరు తెరిచాడు. ఆమె లైటు పెట్టి చూసింది. పైవరుస చూసింది, కింది వరుస చూసింది, ఇనుప పుల్లతో ఒక్కొక్క దాన్నీ తట్టింది. తర్వాత నాతో, "రాసుకోండి. ముప్పై రెండు. ఒక్కటీ పుచ్చలేదు, ఒక్కటీ కదల్లేదు" అన్నది. మా రిజిస్టరులో అటువంటి నమోదు అంతకుముందు లేదు. ఆ తర్వాతా లేదు.

"ఎట్ల కాపాడుకున్నావయ్యా వీటిని?"

"నేనేం సేసినానమ్మా? ఎవురూ పీకలే, అంతే."

డాక్టరమ్మ గది దిగి సూపరింటెండెంటు దగ్గరికి పోయి, పట్టాలు ఎండాకాలం దాకా ఉండనివ్వమనీ, చీమల సంగతి తాను చూసుకుంటాననీ చెప్పింది. ఆ సాయంత్రమే కుర్చీ కాళ్ళ కిందా, బల్ల కాళ్ళ కిందా నీళ్ళ గిన్నెలు పెట్టించింది. సావుకారు మాత్రం నోటిమాట చెల్లదన్నాడు. రాతకోతలు నా పని గనుక కాగితం నా ముందుకు వచ్చింది.

"ఏప్రిల్ ముప్పై లోగా పట్టాలు వాటంతటవి వదలాలి అని రాస్తాను" అన్నాను.

"ఏప్రిల్ ముప్పై అని కొయ్యకు ఎవురు సెప్తారు? నువ్వు సెప్తావా?" అన్నాడు ఆచారి.

"తేదీ లేకుండా ఒప్పందం ఉండదు."

"కొయ్యకు నీ క్యాలెండరు తెలీదప్పా. ఎండాకాలం తెలుసు. అది రాయి."

నేను పట్టుబట్టాను. సావుకారు, "ఎండాకాలం ఎప్పుడొస్తాదో నాకు తెలీదా? రాసేయప్పా, బెల్లం కారతాండాది" అన్నాడు. చివరికి ఇలా రాశాను: "ఎండాకాలంలో పట్టాలు వాటంతటవి వదిలినచో ఆచారి చేతితో తీసి ఇవ్వవలెను. ఎండాకాలం వచ్చియు వదలనిచో గ్యాసుతో కోయించుటకు ఎవరికిని అభ్యంతరము లేదు." సూపరింటెండెంటు, సావుకారు సంతకాలు, ఆచారి వేలిముద్ర. నా ఉద్యోగ జీవితంలో గడువుకు తేదీ వేయకుండా రాసిన కాగితం అదొక్కటే.

ఆ తర్వాత ఎనిమిది నెలలు మంగళవారం పుంగనూరులో ఆగినప్పుడల్లా ఆయన వచ్చేవాడు. నాలుగు పట్టాలనూ గోటితో మీటి, చెవి ఆనించి వినేవాడు. ఏం వినిపించిందని అడిగితే, "నిద్రపోతాండాయి" అనేవాడు. ఒకసారి మాత్రం, "ఎడమ ముందుది కల కంటాండాది" అన్నాడు; ఆ రోజు దానిమీద సుత్తితో మూడు దెబ్బలు వేశాడు. ఒకసారి నేను కూడా చెవి పెట్టి విన్నాను. నాకు ఇంజను చల్లబడే చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. డైరీలో అలాగే రాశాను.

నీళ్ళు పోసే పని గంగులప్పది. మా రోజుల్లోనే కాదు, బెల్లం తోలే మూడు రోజుల్లోనూ పోసేవాడు. పోసి, సోమవారం నాకు లెక్క చెప్పేవాడు. పెద్దపంజాణిలో ఒక అవ్వ కర్ర ఆనించుకుని నిలబడి ఆ తంతంతా చూసి, "యాల నాయనా లారీకి నీళ్ళు? దానికీ పన్ను నొప్పేనా?" అని అడిగింది. "అవునవ్వా, దవడ పన్ను" అన్నాడు గంగులప్ప. అవ్వ లోపలికి పోయి రెండు లవంగాలు తెచ్చి ఇచ్చింది. వానలు తక్కువైన ఆ సంవత్సరం కుప్పం వైపు బావుల దగ్గర బిందెలు వరుసలో ఉండేవి. అక్కడ ఒకామె గంగులప్ప మీద విరుచుకుపడింది.

"మాకు తాగేదానికి నీళ్ళు లేవు, నువ్వు లారీకి తలంటు పోస్తాండావా?"

"తలంటు కాదమ్మా, కాళ్ళు కడగతాండా. ఇంటికి వచ్చినోళ్ళకు కడగమా?"

ఆమె ఏమనుకుందో గానీ ఒక బిందె తానే తెచ్చి పోసింది. ఆనాటి లెక్క పదిహేడు.

1980 మే నెల వచ్చింది. తారు రోడ్డు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. ఒక శుక్రవారం పొద్దున సావుకారు, సూపరింటెండెంటు, గ్యాసు సిలిండరుతో కోసే మనిషి, ఆసుపత్రి ఆవరణలో లారీ చుట్టూ నిలబడ్డారు. ఆచారి మొదటి బస్సుకే వచ్చాడు. ఈసారి సుత్తి తెచ్చుకున్నాడు. తీసిన పట్టాలను మోసుకుపోవడానికి ఒక గోనెసంచి కూడా.

ఎడమ వెనుక పట్టాను గోటితో మీటాడు. ముఖం చిట్లించాడు. సుత్తితో అంచున తట్టాడు. కదలలేదు. గట్టిగా కొట్టాడు. కదలలేదు. కుడి వెనుకది కొట్టాడు, ముందు రెండూ కొట్టాడు. నాలుగూ నిరుడు ఆగస్టులో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఎనిమిది నెలలుగా ఆ మనిషి ముఖంలో నేను చూడని బెదురు అప్పుడు చూశాను.

"ఏమప్పా ఆచారీ, ఎండాకాలం పోతాండాది. నీ పట్టా మాత్రం పోలే" అన్నాడు సావుకారు. "ఊరికంతా తెలిసేటట్టు సెప్పినావే, దానంతటదే వదులుతాదని?"

గ్యాసు మనిషి గోనెసంచులు తడపడం మొదలుపెట్టాడు.

ఆచారి వంగి, దూలం అడుగున అరచేయి పెట్టాడు. చేయి తీసి చూసుకున్నాడు. అరచేతి నుంచి నీళ్ళు కారాయి. ఆయన మెల్లగా తల తిప్పి గంగులప్పను చూశాడు.

"పోస్తాండావా ఇంకా?" గొంతు తగ్గించి అడిగాడు.

"పోస్తాండా. పొద్దున గూడా పోస్తి."

"ఎన్ని?"

"పదారు."

"ఎండాకాలం వస్తే నిలపల్ల కదరా!"

"నువ్వు నిలపమనలే కదా ఆచారీ. రైటరప్ప పుస్తకంలో గడి ఉండాది. గడి ఉంటే పొయ్యాల్ల కదా?"

నేను రిజిస్టరు తెరిచి చూశాను. ఏడాదికి సరిపడా పుటలన్నిటికీ ఒకేసారి గీతలు గీసుకోవడం నా పద్ధతి. "నీళ్ళు" అన్న గడి డిసెంబరు ముప్పై ఒకటి దాకా ఉంది. మే నెలలో ముందు రోజు వరకు ప్రతి రోజుకూ ఎదురుగా నా చేతిరాతతోనే పదహారు, పదహారు, పదహారు. ఆపమని చెప్పవలసినవారు మళ్ళీ ముగ్గురు: ఆచారి, డాక్టరమ్మ, నేను.

ఆచారి నిటారుగా నిలబడ్డాడు. తువ్వాలుతో చేయి తుడుచుకున్నాడు.

"రైటరప్పా, ఆ కాయితం సదువు."

చదివాను. "ఎండాకాలం వచ్చియు వదలనిచో..."

"నిలుపు. ఎండాకాలం వచ్చిందని ఎవురు సెప్పిరి?"

సావుకారు నోరు తెరిచాడు. "ఎవురు సెప్పల్ల? నెత్తి మాడి మసి అయితాంటే!"

"నీ నెత్తికి వచ్చింటాది, నేను కాదనలే. కొయ్యకు రాలే. కాయితంలో ఎవురి ఎండాకాలమని రాసుకొంటిమి? సెయ్యి పెట్టి సూడు."

సావుకారు వంగి దూలం కింద చేయి పెట్టాడు. తీశాడు. తడి చేతిని చూసుకున్నాడు, తెల్లగా మండుతున్న ఆకాశాన్ని చూశాడు, చివరికి నన్ను చూశాడు.

"ఏమప్పా, సీమ కుట్టినా తేదీ ఏసి రాసుకునేటోనివి. దీనికి యాల ఎయ్యలే?"

సూపరింటెండెంటు కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని రెండుసార్లు చదివాడు. తానూ పోయి నాలుగు దూలాలనూ తాకి వచ్చాడు. "కాగితం ప్రకారం చూస్తే ఎండాకాలం ఇంకా రాలేదు" అని నిట్టూర్చి లోపలికి వెళ్ళిపోయాడు. గ్యాసు మనిషి సిలిండరును దొర్లించుకుంటూ పోయాడు. సావుకారు తడి చేతిని పంచెకు రుద్దుకుని, కూలీలవైపు తిరిగి, "ఏం సూస్తాండారు? ఎక్కించండ్రా బెల్లం. కుర్సీలో మాత్రం పెట్టొద్దండి, ఆయమ్మ తిడతాది" అన్నాడు.

ఆచారి సుత్తిని ఖాళీ గోనెసంచిలో వేసుకుని భుజాన పెట్టుకున్నాడు. వెళుతూ వెళుతూ గంగులప్ప పక్కన ఆగి, సావుకారుకు వినబడకుండా, "రేపట్నించి మూలకొక బిందె జాస్తి పొయ్యి. ఎండలు ముదరతాండాయి" అన్నాడు.

నేను రిజిస్టరు తీసి, పదహారు కొట్టివేసి, ఇరవై అని రాశాను.